తోలుపని: నిన్నటి కులవృత్తి, నేటి కాలక్షేపం



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి పంపమని సంపాదకవర్గం మిత్రులు కోరారు. రాజులు, యుద్ధాల గురించి వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. 2012లో పదవీ విరమణ చేసిన తర్వాత నేను పెట్టుకున్న కాలక్షేపం తోలుపని. కళ్ళజోడు సంచులు, నడుం పట్టీలు, తాళంచెవుల గుత్తులు, పుస్తకాల అట్టలు చేత్తో కుట్టుకుంటూ ఉంటాను. ఆ పని నేర్చుకుంటున్నకొద్దీ దాని వెనకనున్న చరిత్ర మీద ఆసక్తి కలిగింది. అది మన ఇళ్ళల్లోనే ఉండి మనం చూడని చరిత్ర. అందుకని ఆ రెండూ కలిపి, చరిత్ర ముందు, పని మెళకువలు తర్వాత, మీ ముందు ఉంచుతున్నాను.

తోలు లేనిదే ఊరు లేదు

మన చిన్నతనంలో పల్లెటూరి ఇంట్లో తోలు వస్తువులు ఎన్ని ఉండేవో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. కాళ్ళకు కిర్రు చెప్పులు, చేతిలో చెర్నాకోల, ఎద్దుల మెడలో మువ్వల పట్టీ, కాడికి కట్టే తోలు వారు. కమ్మరి కొలిమి దగ్గర గాలి ఊదే తిత్తి. నూనె, నెయ్యి పోసుకునే సిద్దె. గుడి ముందు డప్పు, భజనలో మద్దెల. మన వైపు ఏతాలు ఎక్కువగా కనిపించేవి గాని, రాయలసీమలో, తెలంగాణలో బావినీళ్ళు తోడింది మోట. మోట అంటే ఎద్దులు లాగే పెద్ద తోలు బొక్కెన. దాని తొండం గుండా నీళ్ళు కాలువలో పడేవి. అంటే ఆ ప్రాంతాలలో చేతికొచ్చిన పంటలో తోలు కుట్టినవాని చెమట కూడా ఉన్నదన్నమాట. ఆయిలు ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాక మోట పోయింది. మోటతో బాటు దాన్ని కుట్టే చేతులకు పనీ పోయింది.

మన అనకాపల్లికి కాస్త దూరంలోనే శంకరం గ్రామం దగ్గర బొజ్జన్నకొండ ఉన్నది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి అక్కడ తవ్వకాలు జరిపించాడు. పిల్లలను తీసుకుని మనమందరం ఆ మెట్లు ఎక్కినవాళ్ళమే. అటువంటి ఆరామాలలో నివసించిన బౌద్ధ భిక్షువుల నియమాలు వినయపిటకంలో ఉన్నాయి. అందులోని మహావగ్గంలో తోలు గురించే ప్రత్యేకంగా ఒక ఖండం ఉన్నది. భిక్షువు ఎన్ని పొరల చెప్పులు తొడుక్కోవచ్చు, ఏ రంగువి కూడదు, ఎలాంటి తోలు మీద కూర్చోవచ్చు అన్నవి అందులోని విషయాలు. ధర్మాన్ని బోధించే గ్రంథం చెప్పుల అడుగు పొరను కూడా లెక్కపెట్టవలసి వచ్చిందంటే, తోలు మనిషి జీవితానికి ఎంత దగ్గరి వస్తువో తెలుస్తుంది.

తంగేడు చెక్క, కరక్కాయ, సున్నం

పచ్చి చర్మం రెండు రోజులకే కుళ్ళిపోతుంది. ఎండబెడితే రేకులాగ బిరుసెక్కుతుంది. దాన్ని కుళ్ళకుండా, విరగకుండా మెత్తని తోలుగా మార్చడాన్ని పదును చేయడం అంటారు. పదును చేసే తొట్టిని లంద అంటారు. "లంద కంపు" అని మనం ముక్కు మూసుకుంటూ వాడిన మాట అక్కడిదే. ఆ కంపు వెనక ఎంత రసాయనశాస్త్రం ఉన్నదో మనలో చాలామందిమి ఆలోచించి ఉండము.

ముందు చర్మాన్ని కడిగి సున్నపు నీళ్ళలో నానవేస్తారు. దానితో వెంట్రుకల కుదుళ్ళు వదులవుతాయి. కత్తితో ఒక వైపు వెంట్రుకలు, రెండో వైపు మాంసం పొరలు గీకుతారు. తర్వాత సున్నం విరగడానికి తవుడు నానిన పులిసిన నీళ్ళు వాడతారు. ఆపైన అసలు పని. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలలో వగరు పదార్థం ఉంటుంది. శాస్త్రజ్ఞులు దాన్ని టానిన్ అంటారు. కరక్కాయ నమిలితే నోరు బిగుసుకుపోతుంది చూడండి, చర్మంలో జరిగేదీ అదే. వగరు వెళ్ళి చర్మపు పీచులను పట్టుకుంటుంది. ఇక అది కుళ్ళదు. పల్లెల్లో చర్మాన్నే సంచిలాగ కుట్టి, అందులో చెక్కపొడి నింపి, చెట్టుకు వేలాడదీసి, పైనుంచి చెక్కనీళ్ళు పోస్తూ ఉండేవారు. నీరు చర్మం గుండా కారుతూ దాన్ని పదును చేసేది. తొట్టి కొనే స్తోమత లేనివాడు చర్మాన్నే తొట్టి చేసుకున్నాడు. రోజుల తరబడి చేయవలసిన పని. ఎప్పుడు చాలు, ఎప్పుడు చాలదు అన్నది పుస్తకం చూసి చెప్పేది కాదు. వేలితో నొక్కి, అంచు కోసి రంగు చూసి చెప్పేది.

నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గౌరవం పొందుతున్న తంగేడు, బతుకమ్మలో పేర్చే ఆ పసుప్పచ్చ పువ్వు, ఒకప్పుడు దక్షిణదేశపు తోళ్ళ వ్యాపారానికి ఆధారం. తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళు మద్రాసు రేవు నుంచి లండన్‌కు వెళ్ళేవి. అక్కడి వ్యాపారులు వాటిని 'ఈస్టిండియా' తోళ్ళు అని పిలిచేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల కోసం ప్రభుత్వం ఆ తోళ్ళ కొనుగోలును తన అదుపులోకి తీసుకున్నది. ఆ తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే మరో చెట్టు చెక్క వచ్చి, తంగేడు స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది.

మద్రాసులో క్రోము తోలు

19వ శతాబ్దం చివర ఈ పనిలో పెద్ద మార్పు వచ్చింది. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ అనే ఆయన క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. చెక్కనీళ్ళలో వారాల కొద్దీ పట్టే పని క్రోముతో రోజుల్లో అయిపోతుంది. పైగా ఆ తోలు నీటికి త్వరగా చెడదు.

1903లో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్‌టన్ అనే ఇంజనీరు క్రోము తోలు ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆయన మొదట దృష్టి పెట్టినది దొరల బూట్ల మీద కాదు, రైతుల మోట బొక్కెనల మీద. ఎప్పుడూ నీళ్ళలో నానే బొక్కెనకు క్రోము తోలైతే ఎక్కువ కాలం వస్తుందని ఆయన ఆలోచన. చెప్పులు, బూట్లు తర్వాత వచ్చాయి. నేడు ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం క్రోము తోలే. దాని కష్టం కూడా ప్రపంచం చూసింది. సరిగా శుద్ధి చేయకుండా వదిలిన తోళ్ళ కర్మాగారాల నీరు భూమిని, బావులను పాడు చేస్తుంది. తమిళనాడులోని పాలారు పరీవాహక ప్రాంతం అందుకు సాక్ష్యం.

యలవర్రు నుంచి వచ్చిన శాస్త్రవేత్త

ఈ చరిత్రలో మన తెలుగువారు గర్వించవలసిన పేరు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారిది. ఆయన 1922 సెప్టెంబరు 10న తెనాలి ప్రాంతంలోని యలవర్రులో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, తోళ్ళ శాస్త్రం ఎంచుకుని, అమెరికాలో డాక్టరేటు చేశారు. వ్యవసాయదారుల బిడ్డ తోళ్ళ చదువుకు వెళ్ళడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948లో, మద్రాసు అడయారులో కేంద్రీయ తోళ్ళ పరిశోధనా సంస్థ ఏర్పడింది. 1958 నుంచి 1971 వరకు నాయుడమ్మ గారు దానికి సంచాలకులు. పరిశోధన ఫలితాలు పల్లెల్లో తోళ్ళు పదును చేసుకునేవారికి చేరాలన్నది ఆయన పట్టుదల. పచ్చితోళ్ళు, సగం పదునైన తోళ్ళు విదేశాలకు పంపి, వాళ్ళు చేసిన బూట్లు మనం కొనుక్కోవడం ఏమిటన్నది ఆనాటి ప్రశ్న. 1970లలో ప్రభుత్వ విధానం తయారైన తోలు, తయారైన వస్తువుల ఎగుమతి వైపు మళ్ళింది. నాయుడమ్మ గారికి 1971లో పద్మశ్రీ లభించింది. అదే సంవత్సరం శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 జూన్ 23న ఎయిరిండియా 'కనిష్క' విమానంలో పేలిన బాంబు 329 మంది ప్రాణాలు తీసింది. ఆ ప్రయాణికులలో నాయుడమ్మ గారు కూడా ఉన్నారు. మన పిల్లలకు సి.వి.రామన్ పేరు తెలుసు. నాయుడమ్మ గారి పేరు కూడా చెప్పండి.

బొమ్మ, మృదంగం

చర్మంతో చేసే పనులన్నీ లంద పనులు కావు. తోలుబొమ్మలకు మేకచర్మాన్ని పదును చేయకుండా, శుభ్రం చేసి, సాగదీసి ఆరబెడతారు. అప్పుడది కాగితంలాగ వెలుతురు ప్రసరించేలా ఉంటుంది. దాని మీద బొమ్మ గీసి, చిల్లులు కొట్టి, రంగులు వేస్తారు. ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే తెరమీద హనుమంతుడి నగలు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఈ కళకు పేరుపడ్డ ఊరు. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన కోస్తాలో కాకినాడ దగ్గర మాధవపట్నంలో కూడా ఈ కుటుంబాలు ఉన్నాయి. ఆటలు తగ్గిపోయాక ఆ చేతులే లాంతరు గుడ్డల్లాంటి దీపపు తొడుగులు, గోడబొమ్మలు చేస్తున్నాయి.

మృదంగం సంగతి కూడా ఇలాంటిదే. కచేరీలో వాయించిన విద్వాంసుని పేరు మనకు తెలుస్తుంది. తోలు ఎంచి, పొరలు బిగించి, వార్లు లాగి ఆ నాదాన్ని తయారుచేసినవారి పేరు తెలియదు. గాయకులు టి.ఎం.కృష్ణ గారు మృదంగం తయారీదారుల మీదనే 2020లో ఒక పుస్తకం ప్రచురించారు. అంతకాలం పట్టింది.

చెప్పుకోవలసిన మాట

ఈ వ్యాసంలో తప్పించుకోకూడని విషయం ఒకటి ఉన్నది. ఇంత విద్య తెలిసినవారిని మనం ఊరి చివర ఉంచాము. మాదిగ సోదరులు, అరుంధతీయులు చచ్చిన పశువును మోయాలి, చర్మం తీయాలి, చెప్పులు కుట్టి ఇవ్వాలి. ఆ చెప్పులు తొడుక్కుని వీధిలో నడవడానికి మాత్రం చాలా ఊళ్ళలో వారికి అనుమతి లేదు. కుట్టినవాడు చెప్పులు చేతబట్టుకుని నడవవలసిన దేశం మనది. మహాకవి జాషువా గారు 1941లో వెలువరించిన 'గబ్బిలం' కావ్యానికి నాయకుడు అరుంధతీసుతుడే. గుడిలోకి రానివ్వని ఆ మనిషి తన మొరను శివుడికి గబ్బిలంతో పంపుకుంటాడు. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. 1955లో శిక్షల చట్టం వచ్చింది. చట్టం చెప్పినంత త్వరగా మనసులు మారలేదని మన తరానికి తెలుసు.

పుట్టుకతో ఈ పని కానివారు ఇష్టపడి నేర్చుకోవడానికి దారి చూపినవారిలో గాంధీజీ ఒకరు. 1910లో దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారం స్థాపించినప్పుడు, ఆయన మిత్రుడు కాలెన్‌బాక్ ఒక క్రైస్తవ మఠంలో చెప్పులు కుట్టడం నేర్చుకుని వచ్చాడు. గాంధీజీ ఆయన దగ్గర నేర్చుకుని తోటివారికి నేర్పారు. తనను జైలులో పెట్టిన జనరల్ స్మట్స్‌కు 1914లో దేశం విడిచి వచ్చేటప్పుడు ఒక జత చెప్పులు కానుకగా ఇచ్చారు. స్మట్స్ వాటిని ఎన్నో వేసవులు తొడుక్కున్నాడు. 1939లో గాంధీజీ 70వ పుట్టినరోజు సందర్భంగా వాటిని తిరిగి పంపుతూ, అంత గొప్పవాని చెప్పులలో కాలుపెట్టే అర్హత తనకు లేదన్న భావాన్ని తెలియజేశాడు.

నాకు పని నేర్పినది మన ఊరిలో రోడ్డు పక్క గొడుగు కింద కూర్చునే ఒక పెద్దాయన. ఇంచుమించు నా వయసువారే. పేరు వ్రాయవద్దని కోరారు కనుక వ్రాయడం లేదు. నేర్పుతారా అని అడిగినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"మా వోడికి వొద్దన్నాను బాబుగారూ. పదో తరగతి దాటించి కంపెనీలో పెట్టేను. ఈ ఆరె ముట్టుకోవద్దన్నాను. మీకు నేర్పమంటారేటి?" అన్నారు.

"సరదా కోసం అన్నగారూ," అన్నాను.

"అదే మరి. మీకు సరదా. మాకు అదే పేరు పెట్టీసినారు," అని నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చారు.

ఆ మాటను నేను ఈ పదేళ్ళలో చాలాసార్లు తలచుకున్నాను. ఒకే ఆరె, ఒకే దారం. నేను పట్టుకుంటే కాలక్షేపం, మనవలు ఫోటోలు తీస్తారు. ఆయన తాత పట్టుకుంటే కులం, బళ్ళో పిల్లలు దూరం కూర్చునేవారు. వస్తువులో తేడా లేదు. వదిలేసి లేచి వెళ్ళగల స్వేచ్ఛలో తేడా. ఆయన తన కొడుకును ఆ పని నుంచి తప్పించింది పని చెడ్డదని కాదు, ఆ పేరు నుంచి తప్పించడానికి. అయితే ఆ కొడుకుతో బాటు విద్య కూడా వెళ్ళిపోతున్నది. ఈ రెండూ నిజమే.

పనిలోకి దిగేవారికి

ఇక మెళకువలు. ఆయన దగ్గర నేర్చుకున్నవి, నేను చేసి చూసినవి మాత్రమే చెబుతున్నాను.

మొదటిది, తోలు ఎంపిక. చేతిపనికి చెక్కతో పదును చేసిన తోలు మంచిది. కోసిన అంచు చూడండి. లోపలంతా గోధుమరంగులో ఉంటే చెక్కతోలు. మధ్యలో నీలి, బూడిద ఛాయ ఉంటే క్రోము తోలు. ఒక నీటిబొట్టు వేస్తే చెక్కతోలు పీల్చుకుని నల్లబడుతుంది. చెక్కతోలును తడిపి ఏ ఆకారానికి ఒత్తినా ఆరిన తర్వాత అలాగే నిలుస్తుంది. అంచులు రుద్దితే మెరుస్తాయి. క్రోము తోలుకు ఈ గుణాలు లేవు గాని, మెత్తగా, మడతపడే సంచులకు బాగుంటుంది.

రెండవది, మందం. డబ్బుల పర్సుకు 1 నుంచి 1.2 మి.మీ., కళ్ళజోడు సంచికి 1.5 నుంచి 2 మి.మీ., నడుం పట్టీకి 3 నుంచి 4 మి.మీ. సరిపోతుంది. తోలును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. కొత్తవారు పెద్ద తోలు కొనవద్దు. సంచులు, బూట్లు చేసేవారి దగ్గర మిగిలిన ముక్కలు తూకానికి దొరుకుతాయి.

మూడవది, కోత. "తోలుకి యెన్ను ఉంటది, దాన్ని సూసి కొయ్యాలి" అన్నది మా గురువుగారి మొదటి పాఠం. పశువు వెన్ను వెంబడి ఉన్న తోలు గట్టిది, సాగదు. పొట్ట వైపుది సాగుతుంది. అందుకని పట్టీలు, వార్లు వెన్నుకు సమాంతరంగా కోయాలి. పొట్టభాగం చిన్న వస్తువులకు, లోపలి అతుకులకు వాడుకోవాలి.

నాలుగవది, పనిముట్లు. రంపె అంటే తోలు కోసే కత్తి. ఆరె అంటే చిల్లు పొడిచే సూది. రెండు మొద్దు సూదులు, ఒక ఇనుప స్కేలు, ఒక కొయ్య సుత్తి, తేనెమైనం ముద్ద, అడుగున వేసుకోవడానికి చెక్కపలక. ఇంతే. మొదట పెట్టెనిండా పనిముట్లు కొనడం మన పింఛనుకు తగిన పని కాదు.

ఐదవది, కుట్టు. మిషను కుట్టులో పై దారం, కింద దారం ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి. ఒకచోట తెగితే వరసగా ఊడివస్తుంది. చేతి జీనుకుట్టు అలా కాదు. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ప్రతి చిల్లులోంచి రెండింటినీ ఎదురెదురుగా దూర్చి లాగాలి. ఒక కుట్టు తెగినా పక్కది పట్టుకునే ఉంటుంది. దారానికి ముందు మైనం పట్టించాలి. కుట్టు పొడవుకు నాలుగు రెట్లు దారం తీసుకుని, సూదుల కోసం ఒక జానెడు అదనంగా ఉంచాలి.

మొదటి వస్తువు: కళ్ళజోడు సంచి

18 సెం.మీ. పొడవు, 18 సెం.మీ. వెడల్పు గల చెక్కతోలు ముక్కను మధ్యకు మడిచితే 9 సెం.మీ. వెడల్పు సంచి అవుతుంది. అడుగున 9, పక్కన 18, మొత్తం 27 సెం.మీ. కుట్టు. అంచుకు 4 మి.మీ. లోపలగా గీత గీసి, 4 మి.మీ. ఎడంతో చిల్లులు పొడిస్తే సుమారు 67 చిల్లులు వస్తాయి. దారం ఒక మీటరు పది సెంటీమీటర్లు, జానెడు అదనం. కుట్టు అయ్యాక సంచిని నీళ్ళలో ముంచి తీసి, కళ్ళజోడును పల్చని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి లోపల పెట్టి, వేళ్ళతో ఒత్తండి. నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే బీటలు వారుతుంది. ఆరిన తర్వాత కళ్ళజోడు ఆకారం అలాగే నిలిచిపోతుంది. అంచులను ఉప్పుకాగితంతో నునుపు చేసి, కాస్త తడిచేసి, గుండ్రని కొయ్యముక్కతో వేడి పుట్టేదాకా రుద్దితే అద్దంలాగ అవుతుంది.

ఇది వచ్చిన తర్వాత మన పి.పి.ఓ. పుస్తకానికి అట్ట, మందుల చీటీలు పెట్టుకునే సంచి, మనవడికి నడుం పట్టీ, వరసగా అవే వస్తాయి.

అనకాపల్లి నలుపు

మన ఊరికి తగిన మెళకువ ఒకటి చెప్పి తీరాలి. శ్రీకాళహస్తి, పెడన కలంకారీ పనివారు నల్లరంగును ఇనుముతో, బెల్లంతో చేస్తారు. దాన్ని కసిమి అంటారు. తుప్పుపట్టిన మేకులు, ఇనుపముక్కలు, బెల్లం, నీళ్ళు ఒక కుండలో వేసి సుమారు మూడు వారాలు పులియనిస్తారు. గుడ్డకు ముందుగా కరక్కాయ పట్టించి ఉంటారు కనుక, ఈ నీరు తగలగానే కరక్కాయ వగరుతో ఇనుము కలిసి నలుపు పుడుతుంది. పూర్వం తాళపత్రాల కాలం తర్వాత కాగితం మీద వ్రాసిన కరక్కాయ సిరా కూడా ఈ సూత్రమే.

చెక్కతోలులో వగరు ముందే ఉన్నది కదా! కనుక మన బెల్లపు కసిమిని గుడ్డతో తోలు మీద అద్దితే క్షణాల్లో కళ్ళముందే నల్లబడుతుంది. ఇది పైపూత కాదు, లోపలికి పట్టిన రంగు. తర్వాత చిటికెడు వంటసోడా కలిపిన నీళ్ళతో తుడిచి, ఆరాక నూనె రాయాలి. క్రోము తోలులో వగరు లేదు కనుక అలా నల్లబడదు. అందువల్ల ఏ తోలు ఏదో తేల్చే పరీక్షగానూ ఇది పనికివస్తుంది. కుండ మూత గట్టిగా బిగించవద్దు. పులిసేటప్పుడు గాలి పుడుతుంది. వాసన ఉంటుంది కనుక పెరట్లో పెట్టండి, ఇంట్లో పేచీ రాదు. దేశంలో పేరున్న బెల్లం మార్కెట్టు పక్కన ఉండి, సీసా రంగు కొనుక్కోనక్కరలేదు.

మన తేమ గాలికి తోలు త్వరగా బూజు పడుతుంది. వానాకాలంలో ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టవద్దు. గుడ్డసంచిలో ఉంచి, వారానికోసారి గాలికి పెట్టండి. పాతకాలం వారు చెప్పులకు ఆముదం పట్టించేవారు. కొద్దిగా గుడ్డతో రాస్తే తోలు మెత్తబడుతుంది. ఎక్కువ రాస్తే జిడ్డుపట్టి దుమ్ము అంటుతుంది. ఇక మన వయసుకు సంబంధించిన జాగ్రత్త. కత్తి ఎప్పుడూ పదునుగా ఉండాలి. మొద్దు కత్తికే బలం ఎక్కువ పెట్టి చేయి కోసుకుంటాము. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు కోత పని మరొకరి చేత చేయించుకుని, కుట్టు మాత్రం తాము కుట్టుకోవచ్చు. పగటి వెలుతురులో అరగంట పని, పది నిమిషాలు విశ్రాంతి.

సంఘానికి ఒక మనవి

2025 జూన్‌లో ప్రాడా అనే ఇటలీ కంపెనీ తన ప్రదర్శనలో కొల్హాపురి చెప్పుల వంటివి చూపించింది. మొదట కొల్హాపురి ఊసే ఎత్తలేదు. ఆ చెప్పులకు 2019లోనే భౌగోళిక గుర్తింపు ఉన్నది. మహారాష్ట్రలో గొడవ జరిగాక గాని, అవి భారతీయ చేతివృత్తి నుంచి వచ్చినవని కంపెనీ ఒప్పుకోలేదు. దూరదేశపు కంపెనీని విమర్శించడం తేలికే. మన వీధిలో కుట్టినవారి పేరు మనం చెప్పుకుంటున్నామా అన్నది అసలు ప్రశ్న.

చేతిపనికి గౌరవం, గిరాకీ రెండూ కలిస్తే ఏమవుతుందో మన జిల్లాలోనే ఉదాహరణ ఉన్నది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు చెట్టురంగులు తిరిగి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మను మనం షోకేసులో పెట్టుకుంటాము. తోలుపనికి ఆ షోకేసు ఇంకా దొరకలేదు.

అందుకని నా మనవి ఇది. మన సంఘ భవనంలో నెలకు రెండు ఆదివారాలు తోలుపని నేర్పే ఏర్పాటు చేయాలి. నేర్పవలసినది నేను కాదు. తరతరాలుగా ఆ పని తెలిసినవారిని పిలవాలి, కుర్చీ వేయాలి, ఉపాధ్యాయునికి ఇచ్చినట్టు గౌరవ వేతనం ఇవ్వాలి. నేర్చుకోదలచిన వారి దగ్గర చందా తీసుకుంటే ఖర్చు భారం కాదు. అలాగే రంపె, ఆరె, లంద, సిద్దె, మోట వంటి మాటలు మన తర్వాత వినపడవు. అవి తెలిసిన సభ్యులు, వాటి వాడకంతో సహా ఒక కాగితం మీద వ్రాసి కార్యదర్శి గారికి అందజేస్తే, వచ్చే సంచికలలో వరసగా ప్రచురించవచ్చు.

ఈ సంగతి మా గురువుగారితో చెప్పాను. "కుర్చీలో కూకుంటే పని సాగదు బాబుగారూ, తోలు తొడ మీద ఉండాలి. నేలమీదే కూకుంటాను," అన్నారు.

అలాగైతే మనమందరమూ ఆయనతో బాటు నేలమీదనే కూర్చుందాము. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి మాత్రం కుర్చీలు వేయిద్దాము. రాదలచిన సభ్యులు తమ పేర్లు కార్యాలయంలో నమోదు చేసుకోవలసిందిగా ప్రార్థన.

స్వస్తి.